విచారణకర్త అంటే ఎవరు?

తిరుపతి నుంచి ఒక సభ్యురాలు తమకు అందిన పెళ్లిపత్రిక గురించి ఇక్కడ ప్రశ్న వేశారు. అందులో వివాహం జరిపించే ఫాదర్ పేరు కింద ‘విచారణకర్తలు’ అని ఉందట. విచారణ అంటే పోలీసులో కోర్టువారో చేసేది కదా, ఇది అచ్చుతప్పా అని వారి సందేహం.

అచ్చుతప్పు కాదండీ. ఇంగ్లీషులో ‘పారిష్’ అనేదాన్ని, అంటే ఒక ఫాదర్ చూసుకునే విశ్వాసుల సమూహాన్ని, తెలుగు కథోలికులు విచారణ అంటారు. దాని బాధ్యత చూసే గురువు (ఫాదర్) విచారణకర్త. ఆయనకు తోడుగా మరో గురువు ఉంటే సహాయ విచారణకర్త. కొన్ని విచారణలు కలిస్తే ఒక మేత్రాసనం, దానికి బిషప్ పెద్ద. తిరుపతి, చిత్తూరు విచారణలు కడప మేత్రాసనం కిందికి వస్తాయి. నెల్లూరు నుంచి విడదీసి 1976లో ఏర్పరచిన మేత్రాసనం అది.

కోర్టు వార్తలు చదివి చదివి విచారణ అంటే మనకు ఆరా తీయడమే గుర్తుకొస్తుంది. కానీ ఇంటికొచ్చిన చుట్టాల మంచిచెడ్డలు విచారిస్తాం. ‘ఆ ముసలామెను విచారించే దిక్కు లేదు’ అన్నామంటే ఆమెను ప్రశ్నలు అడిగేవారు లేరని కాదు, చూసుకునేవారు లేరని. కథోలికుల మాటలో నిలిచి ఉన్నది ఈ అర్థమే.

తిరుపతివారికి ఈ మాట ఎంతమాత్రం పరాయిది కాదు. 1843లో ఈస్టిండియా కంపెనీ తిరుమల ఆలయ నిర్వహణ నుంచి తప్పుకొని, దాన్ని హాథీరాంజీ మఠాధిపతి సేవాదాసుకు అప్పగించింది. అప్పుడు ఆయనకు వచ్చిన హోదా పేరు విచారణకర్తే! 1933లో దేవస్థానం కమిటీ చేతికి పాలన వెళ్లేదాకా మహంతులు, అంటే ఆ మఠాధిపతులు, ఆ హోదాలోనే కొనసాగారు. ఆస్తి స్వామివారిది, మహంతు దాన్ని చూసుకునేవాడు. ఒక హిందూ ఆలయ చరిత్రలోనూ చర్చి వాడుకలోనూ ఒకే బాధ్యతకు ఒకే తెలుగు మాట నిలవడం నాకెంతో సంతోషం కలిగించే విషయం.

ఆ మాట ఎంత సరిగ్గా అతికిందో చర్చి చట్టం చూస్తే తెలుస్తుంది. 1983 నాటి కానన్ లా (కథోలిక చర్చి చట్టం) ప్రకారం విచారణ అంటే భవనం కాదు, కొందరు విశ్వాసుల స్థిరమైన సమూహం. మామూలుగా దానికొక ప్రాంతపు హద్దు ఉంటుంది. ఏర్పరచాలన్నా, రద్దు చేయాలన్నా, హద్దులు మార్చాలన్నా అధికారం బిషప్‌ది. అయితే ముందుగా ఆయన తన గురువుల మండలి అభిప్రాయం వినాలి. ఒకసారి సక్రమంగా ఏర్పడితే ఆ విచారణ చర్చి చట్టం దృష్టిలో తనంతట తానే ఒక వ్యక్తి. 515వ నియమం ఈ మాటే చెబుతుంది. దేవుడి పేరనే మాన్యాలున్న ఊళ్లలో పుట్టినవారికి ఇది వింతగా తోచదు. మన న్యాయస్థానాలు కూడా ప్రతిష్ఠించిన దేవతామూర్తిని ఆస్తి ఉండగల వ్యక్తిగానే చూస్తాయి.

కాబట్టి విశ్వాసులు విచారణకు ఇచ్చిన కానుక ఫాదర్‌ది కాదు. బిషప్ సొంతమూ కాదు, విచారణది. విచారణకర్త దాని తరఫున సంతకం పెడతాడు, లెక్కలు రాయిస్తాడు, బదిలీ అయితే తాళాలు అప్పగించి వెళతాడు. ఆర్థిక విషయాల్లో తోడుండటానికి ప్రతి విచారణకూ ఒక ఆర్థిక సంఘం తప్పనిసరి. విచారణ సలహా సంఘం (పాస్టొరల్ కౌన్సిల్) మాత్రం బిషప్ అవసరమనుకున్న చోట ఉంటుంది. అది సలహా ఇస్తుందే గాని తీర్మానించి ఫాదర్ చేత చేయించలేదు. పంచాయతీ సభ్యుల్లా ఓటేసి నెగ్గించుకుందామనుకుని సంఘంలో చేరినవారు తరచూ నొచ్చుకునేది ఈ చోటే. ఈ తేడాను చేరే ముందే వారికి వివరించడం మంచిది.

విచారించడం అంటే ఏమిటో కళ్లతో చూడాలంటే విచారణ కార్యాలయంలోని జ్ఞానస్నానాల (బాప్తిస్మాల) పుస్తకం తెరవాలి. బిడ్డ పేరు, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు (గాడ్‌పేరెంట్స్), తేదీ ఒక వరుసలో ఉంటాయి. ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత ఆ మనిషికి ఎక్కడో హైదరాబాదులో పెళ్లయితే, అక్కడి నుంచి సమాచారం వచ్చి ఇక్కడి పుస్తకంలో అదే వరుస పక్కన చేరుతుంది. భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) కూడా అక్కడే రాస్తారు. మనిషి ఊరు మారినా అతని గుర్తు తొలి విచారణలో ఉండిపోతుంది.

కింద వచ్చిన రెండు ప్రశ్నలకు కూడా ఇక్కడే జవాబు చెబుతాను.

చిత్తూరు మిత్రులొకరు తమ పక్క తమిళ కథోలికులు ‘పంగు’ అంటారని గుర్తుచేశారు. నిజమే, పంగు అంటే వాటా. గురువును ‘పంగు తందై’ అంటారు, అంటే ఆ వాటాకు తండ్రి. వారి మాట మనుషుల భాగాన్ని చూపుతుంది, మన మాట చేసే పనిని చూపుతుంది. రెండూ ఉండాలి. మనవాళ్లు ‘పారిష్ ప్రీస్ట్’ అని అచ్చు వేయించడం ఎక్కువైన కొద్దీ మన మాట మరుగున పడుతోంది. ఆ పని చేయకండని పత్రికలు రాయించే ప్రతి కుటుంబాన్నీ అడుగుతున్నాను.

రెండో ప్రశ్న: మరి చర్చి స్థలం బిషప్ అమ్మేయగలరా? ఆస్తి విచారణదే అయినప్పుడు ఆయన తన ఇష్టానుసారం అమ్మడం చర్చి చట్టం ప్రకారం కుదరదు. ఒక విలువ దాటిన ఆస్తి అమ్మకానికి బిషప్ అనుమతి కావాలి. ఆ అనుమతికి మేత్రాసనపు ఆర్థిక మండలి, సలహాదారులు, సంబంధించినవారు అంగీకరించాలి. ఇంకా పెద్ద మొత్తమైతే రోమ్ అనుమతి కూడా తప్పదు. చిక్కంతా రిజిస్ట్రారు కార్యాలయంలో ఉంది. అక్కడ విచారణ అనే వ్యక్తిని ఎవరూ గుర్తించరు, అందుకే చాలా చోట్ల దస్తావేజులు మేత్రాసనం నడిపే సొసైటీ పేర ఉంటాయి. కాగితంలో ఒక పేరు, చర్చి చట్టంలో ఇంకొక యజమాని. స్థలం తగాదా వచ్చినప్పుడు దస్తావేజునూ చర్చి చట్టాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. విశ్వాసులు ఇచ్చిన సొమ్ముకు లెక్క చెప్పమని విచారణకర్తను అడగడం మాత్రం తగాదా కాదు. ఆ లెక్క వారికి చెప్పాలని 1287వ నియమంలోనే ఉంది.