నల్లా నీళ్లు వచ్చే ఇంట్లో ఆర్వో యంత్రం ఉండాల్సిందేనా?

మంజీర గట్టు (చర్చ ప్రారంభించినవారు)

మా వంటింట్లో నీళ్లను శుద్ధి చేసే ఆర్వో యంత్రానికి మెంబ్రేన్, అంటే లవణాలను ఆపే పొర, మార్చే గడువు వచ్చింది. సర్వీసుకు వచ్చిన అబ్బాయి మెంబ్రేనుకూ లోపలి ఫిల్టర్లకూ కలిపి ఆరు వేల రూపాయల దాకా అవుతుందన్నాడు. అంత డబ్బు పెట్టబోయే ముందు, హైదరాబాదులో నల్లా నీళ్లు వచ్చే మా ఇంటికి అసలు ఈ యంత్రం అవసరమా అన్న సందేహం మొదటిసారి గట్టిగా కలిగింది. మా అపార్ట్‌మెంటులో బోరు ఉన్నప్పటికీ తాగడానికీ వంటకూ వేరే పైపులో నల్లా నీళ్లే వస్తాయి.

యంత్రం వెనక నుంచి సింకులోకి పోయే సన్నని తెల్ల గొట్టాన్ని తీసి బకెట్టులో పెట్టాను. ఏడు లీటర్ల ట్యాంకు ఖాళీ అయి మళ్లీ నిండేసరికి ఇరవై లీటర్ల బకెట్టు నిండి, అంచు మీదుగా పొర్లి, వంటింటి గచ్చంతా తడిసింది. ఒక లీటరు తాగే నీటికి దాదాపు మూడు లీటర్లు కాలువలోకి పోతున్నాయని వినడం వేరు, ఆ బకెట్టును రెండు చేతులతో ఎత్తి చూడడం వేరు. తర్వాత నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని (టీడీఎస్) లీటరుకు మిల్లీగ్రాముల్లో చూపే మీటరు ముంచి చూశాను. నల్లా నీళ్లలో 300, యంత్రం ఇచ్చిన నీళ్లలో 30, బకెట్టులో పట్టిన నీళ్లలో 390 చూపింది. తాగే నీటిలో లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలనీ, వేరే దారి లేని చోట 2000 వరకు అనుమతించవచ్చనీ భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 10500లో నిర్ణయించింది. అంటే లవణాల వరకు చూస్తే, ఇన్నేళ్లుగా నేను సింకులో పారబోసిన నీళ్లు కూడా తాగే నీటి హద్దులోనే ఉన్నాయన్నమాట. ఆ అంకె చూశాక ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

మా అపార్ట్‌మెంటులో 60 ఇళ్లు ఉన్నాయి. ఇంటికి రోజుకు పది లీటర్లు తాగడానికీ వంటకూ అనుకుంటే ముప్పై లీటర్ల చొప్పున మొత్తం 1800 లీటర్లు వృథా అవుతాయి. ఎండాకాలంలో 5000 లీటర్ల ట్యాంకరు కోసం ఫోన్లు చేసి, గేటు దగ్గర ఎదురుచూసే మేమే మూడు రోజులకు ఒక ట్యాంకరు నీళ్లను కాలువపాలు చేస్తున్నాం.

జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మే నెలలో, టీడీఎస్ 500 కన్నా తక్కువ ఉన్న చోట ఆర్వో వాడకాన్ని నిషేధించాలనీ, వాడే చోట కనీసం 60 శాతం నీరు చేతికి వచ్చేలా చూడాలనీ పర్యావరణ మంత్రిత్వ శాఖను ఆదేశించింది. మా యంత్రంలో చేతికి వస్తున్నది పాతిక శాతం. నది నీళ్లు వచ్చే ఇళ్లలో ఆర్వో ఉండకూడదన్నది నా అభిప్రాయం. కాదనేవారు కారణాలు చెప్పాలని కోరుతున్నాను.

కృష్ణ ఒడ్డు

అండీ, నేను కాదంటాను. మాదీ నది నీళ్లు వచ్చే పట్టణమే. కిందటి వానాకాలంలో కుళాయి నుంచి రెండు రోజుల పాటు బురద రంగు నీళ్లు వచ్చాయి. అప్పటికి పద్నాలుగు నెలల వయసున్న మా పాపకు విరేచనాలు పట్టుకుని మూడు రోజులు సెలైను ఎక్కించవలసి వచ్చింది. ఆ చిన్న చేతిలో సూది గుచ్చడానికి నరం దొరకక నర్సమ్మ పడిన అవస్థను ఎదురుగా నిలబడి చూసిన తల్లిని నేను. ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలోనే యంత్రం కొన్నాం. ఆ రోజు మీటరు పెట్టి ఉంటే మా కుళాయి నీళ్లు కూడా 300 లోపే చూపించేవేమో. ఆ అంకెను నమ్మి బిడ్డకు నీళ్లు పట్టే ధైర్యం నాకు లేదు. పైగా యంత్రం వదిలే నీళ్లన్నిటినీ నేను పట్టి ఇల్లు తుడవడానికీ గిన్నెలు కడగడానికీ వాడుతున్నాను కనుక, వృథా అనే మాట మా ఇంటికి వర్తించదు.

సుద్దముక్క

నేను ఇరవై ఆరేళ్లుగా ఉన్నత పాఠశాలలో రసాయన శాస్త్రం చెబుతున్నాను. కృష్ణ ఒడ్డు గారి భయం నూటికి నూరు పాళ్లు న్యాయమైనది. మీటరు విషయంలో ఆవిడ చెప్పిందే సరైన మాట. టీడీఎస్ మీటరు నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా ప్రవహిస్తుందో కొలిచి, దాని నుంచి లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది. సూక్ష్మజీవులు దానికి కనిపించవు. అందువల్ల మంజీర గట్టు గారు 300 చూసి నిశ్చింతగా ఉండడమూ, మరొకరు 30 చూసి నిశ్చింతగా ఉండడమూ ఒకే రకమైన పొరపాటు. పాపకు జబ్బు చేసింది క్రిముల వల్ల అయి ఉండాలి. క్రిములను చంపడానికి నీళ్లు మరిగిస్తే చాలు, యూవీ (అతినీలలోహిత కాంతి) దీపమున్న యంత్రం పెట్టుకున్నా చాలు. ఈ రెండింటిలో చుక్క నీరు వృథా కాదు. నీళ్లు బురదగా ఉన్నప్పుడు మాత్రం ముందు తేర్చి వడకట్టాలి, ఎందుకంటే మురికి నీటిలోకి యూవీ కాంతి సరిగా చొరబడదు.

భయాన్ని సొమ్ము చేసుకునే ఒక ప్రదర్శన గురించి కూడా ఇక్కడ చెప్పి తీరాలి. రెండేళ్ల క్రితం ఒక అమ్మకందారు మా ఇంటికి వచ్చి, ఒక గ్లాసులో మా కుళాయి నీళ్లూ మరో గ్లాసులో తాను తెచ్చిన ఆర్వో నీళ్లూ పోసి, రెండింటిలోనూ లోహపు కడ్డీలున్న చిన్న పరికరాన్ని ముంచి స్విచ్చి వేశాడు. నిమిషం తిరగకుండానే కుళాయి నీళ్లు గోధుమరంగుకు తిరిగి, పైన పచ్చటి తెట్టు కట్టింది. ఆర్వో నీళ్లు తేటగానే ఉన్నాయి. పక్కన నిలబడ్డ మా అమ్మ "ఇన్నాళ్లూ ఇదా మనం తాగింది" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ రంగు నీళ్లలో ఉన్న మురికిది కాదు. నీటిలోని లవణాల వల్ల కరెంటు పారి, కడ్డీలోని ఇనుము కరిగి తుప్పుగా మారడం వల్ల వచ్చిన రంగు అది. ఆర్వో నీళ్లలో లవణాలు దాదాపు లేవు కనుక కరెంటు పారలేదు, తుప్పు పుట్టలేదు. నేను వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి ఆయన తేట నీళ్లలో వేసి, మళ్లీ స్విచ్చి వేయమన్నాను. ఆ గ్లాసు కుళాయి నీళ్ల కన్నా ముదురు రంగుకు తిరిగింది. ఎన్ని ఇళ్లలో ఇలాంటి గ్లాసులు చూసి జనం భయపడి యంత్రాలు కొన్నారో తలచుకుంటే బాధ కలుగుతుంది.

మర్రిగూడ

చర్చ అంతా నది నీళ్ల చుట్టూనే తిరుగుతోంది. మాది నల్గొండ జిల్లాలో ఫ్లోరైడు ప్రాంతం. ఆర్వో అనగానే మీకు సింకులోకి పోయే నీళ్లు గుర్తుకు వస్తున్నాయి. నాకు మాత్రం వంగిన కాళ్లతో గోడ పట్టుకుని నడిచిన మా పెద్దనాయన గుర్తుకు వస్తాడు. ఆయనకు నలభై ఏళ్లు నిండక ముందే మెడ పక్కకు తిరగడం మానేసింది. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేవాడు. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మా బోర్లలో అది ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండేది. ఈ జబ్బును 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించి రాశారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తేర్చే పద్ధతిని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించినప్పుడు దానికి మా నల్గొండ పేరే పెట్టారు. పేరు మాకు దక్కినా, ఏళ్ల తరబడి మా నోటికి అందింది మాత్రం ఆ బోరు నీళ్లే.

మరిగిస్తే చాలని మాస్టారు గారు చెప్పింది క్రిముల వరకే. ఫ్లోరైడున్న నీళ్లను మరిగిస్తే ఆవిరైపోయేది నీరే, ఫ్లోరైడు అంతా గిన్నెలోనే మిగులుతుంది. మాకు ఊళ్లో ఆర్వో ప్లాంటు వచ్చిన రోజు పండుగలా ఉంది. మిషన్ భగీరథలో కృష్ణా నీళ్లు ఇంటింటికీ వచ్చాక పరిస్థితి ఎంతో మారింది, ఆ మేలును నేను తక్కువ చేయను. అయినా పైపు పగిలి నాలుగు రోజులు నీళ్లు రాకపోతే జనం మళ్లీ బోరు దగ్గరికే వెళతారు. ఇంకొక పొరపాటు చాలామంది గమనించరు. తాగడానికి ప్లాంటు నీళ్లు తెచ్చుకుని, అన్నం, పప్పు మాత్రం బోరు నీళ్లతోనే వండుకుంటారు. ఆ ఫ్లోరైడు అన్నంలోంచి ఒంట్లోకి పోతుంది. మా అంగన్‌వాడీలో కూడా భగీరథ నీళ్లు ఆగిన రోజున వంట బోరు నీళ్లతోనే జరుగుతుంది. నిషేధం అనే మాట వాడేటప్పుడు దయచేసి మా ఊళ్లను కూడా తలచుకోండి.

సుద్దముక్క

మర్రిగూడ గారూ, నేను వాక్యాన్ని సగంలో ఆపాను. మీరు పూర్తి చేసినందుకు కృతజ్ఞతలు. ఫ్లోరైడు, నైట్రేటు, సముద్ర తీరపు ఉప్పు నీళ్లు, ఈ మూడింటికీ ఆర్వో సరైన మందే. ఫ్లోరైడు హద్దు దాటినా మొత్తం టీడీఎస్ 500 లోపే ఉండే బోర్లు కూడా ఉంటాయి కనుక, ఒక్క టీడీఎస్ అంకె మీద నిషేధం పెట్టడం నాకు కూడా సమ్మతం కాదు.

వడపోత

నేను ఒక పట్టణ నీటి సరఫరా విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. శుద్ధి కేంద్రం గేటు దాటే నీళ్లు చాలా వరకు మంచివే. చెడిపోయేది దారిలో. మన ఊళ్లలో నీళ్లు రోజుకు గంటో రెండు గంటలో వస్తాయి. సరఫరా ఆగినప్పుడు పైపు ఖాళీ అవుతుంది, ఎక్కడైనా చిల్లు ఉంటే పక్కనున్న మురుగు లోపలికి పీల్చుకుంటుంది. అందుకే వదిలిన మొదటి పది నిమిషాల నీళ్లను తాగడానికి పట్టవద్దని మేము చెప్పేవాళ్లం. ఆ దారి ప్రమాదాన్ని కాసుకోవడానికే కుళాయి దగ్గరికి చేరేసరికి కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్న నియమం ఉంది. మేము చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, పసుపు రంగు తేలితేనే ఆ వీధి నుంచి కదిలేవాళ్లం.

క్లోరిన్ తగిలితే మెంబ్రేన్ పాడవుతుంది. అందుకని ఆర్వో యంత్రంలో ముందుగానే బొగ్గు ఫిల్టరు పెట్టి క్లోరినును తీసేస్తారు. ఆ తర్వాత ట్యాంకులో నిలవ ఉన్న నీళ్లకు కాపలా ఏమీ ఉండదు. నాలుగు రోజులు ఊరికి వెళ్లి వచ్చి, అదే ట్యాంకులోని నీళ్లు పిల్లలకు పట్టేవారిని నేను ఎరుగుదును. కృష్ణ ఒడ్డు గారూ, మీరు యంత్రాన్ని ఉంచుకున్నా ఫరవాలేదు గానీ, ఊరి నుంచి వచ్చిన రోజున ట్యాంకు మొత్తం ఖాళీ చేసి మళ్లీ నింపండమ్మా. ఇక అపార్ట్‌మెంట్లలో అందరూ మరచిపోయేది సంపు. పైన లక్షల రూపాయల యంత్రాలు, కింద మూత పగిలిన సంపు.

పొదుపు బడి

ఒక చిన్న విషయం. చాలా ఆర్వో యంత్రాల్లో నీళ్లు మరీ చప్పగా ఉండకుండా "టీడీఎస్ కంట్రోలర్" అనే మర ఉంటుంది. అది చేసే పని, మెంబ్రేన్ గుండా పోని నీళ్లను కొంత తెచ్చి శుద్ధమైన నీళ్లలో కలపడం. లవణాలను తీయడానికి మూడు లీటర్లు పారబోసి, తీసిన లవణాలనే మళ్లీ కలుపుకోవడానికి డబ్బు చెల్లించడం నది నీళ్లున్న ఇంట్లో ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

మంజీర గట్టు

నది నీళ్లు వచ్చే ఇళ్లలో ఆర్వో ఉండకూడదని నేను రాసిన మాటను ఇప్పుడు సవరించుకుంటున్నాను. నీళ్లను పరీక్ష చేయించకుండా ఆర్వో కొనకూడదు, పరీక్ష చేయించకుండా తీసేయకూడదు కూడా. ఈ రెండు వారాల్లో మా నీళ్లను రెండు సీసాల్లో ప్రయోగశాలకు పంపాను, ఒకటి సంపులోకి పడే గొట్టం నుంచి, మరొకటి మా వంటింటి నల్లా నుంచి. ఫ్లోరైడు, నైట్రేటు, కాఠిన్యం రెండింటిలోనూ హద్దులోనే ఉన్నాయి. మురుగు కలిసిందేమోనని సూచించే కోలిఫాం బాక్టీరియా మాత్రం మొదటి సీసాలో లేదు, రెండో దానిలో ఉంది. వడపోత గారు చెప్పినట్టే సంపు మూత తెరిచి చూస్తే ఒక మూలన సిమెంటు పెచ్చు ఊడి, చెట్టు వేరు లోపలికి దిగింది. అంటే నది నుంచి మా గేటు దాకా భద్రంగా వచ్చిన నీళ్లను మేమే పాడు చేసుకుని, వాటిని బాగుచేయడానికి 60 ఇళ్లలో 60 యంత్రాలు పెట్టుకున్నాం. కమిటీలో మాట్లాడి సంపు మరమ్మతుకు అందరినీ ఒప్పించాను. అది పూర్తయ్యే వరకు మా ఇంట్లో నీళ్లు మరిగించుకుంటున్నాం, తర్వాత యూవీ యంత్రం పెడతాం.

కృష్ణ ఒడ్డు గారూ, వదిలిన నీళ్లన్నీ మీరు వాడుతున్నారన్నది మెచ్చుకోదగిన పని. మీ కుళాయి నీళ్లను కూడా ఒకసారి పరీక్ష చేయించండి, వానాకాలంలో అయితే మరీ మంచిది.

మర్రిగూడ గారూ, మా ఆర్వో యంత్రంలో మెంబ్రేన్ తప్ప అన్నీ బాగానే ఉన్నాయి. మీ అంగన్‌వాడీ వంటకు పనికివస్తుందంటే కొత్త మెంబ్రేన్ వేయించి పంపుతాను.

మర్రిగూడ

పనికివస్తుందండీ. రోజుకు పాతిక మంది పిల్లలకు వంట చేస్తారు, అన్నానికీ పప్పుకూ పదిహేను లీటర్లు ఉంటే సరిపోతాయి. బోరు ట్యాంకు ఎత్తు తక్కువ కనుక నీటి ఒత్తిడి చాలదేమో, లోపల పంపు ఉన్న యంత్రమేనా అన్నది ఒక్కటి చూసి చెప్పండి. వదిలిన నీళ్లలో ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది కాబట్టి వాటిని పెరట్లోకి వదలకుండా మరుగుదొడ్డి డ్రమ్ములోకి గొట్టం వేయిస్తాను. ఆయమ్మతో నేను మాట్లాడి ఉంచుతాను.