రోజుకు ఇన్ని పదాలని కోటా పెట్టుకుంటే నవల త్వరగా అవుతుందా?

గోదారిగట్టు:
నా నవల సగంలో ఆగిపోయింది. ఆఫీసు, వంట, పిల్లల హోంవర్కు అయ్యాక నాకు మిగిలేది రాత్రి ఒక గంట. అమెరికాలో 1999లో మొదలైన నానోరైమో అనే నెలరోజుల నవల రాసే సవాలు గురించి వినే ఉంటారు. నవంబరు నెలలో 50,000 పదాలు, అంటే రోజుకు 1,667. ఆ సంస్థ 2025లో మూతపడింది కానీ ఆ లెక్క పట్టుకుని రాసేవాళ్ళు ఇంకా ఉన్నారు. తెలుగులో కూడా అలా కోటా పెట్టుకుంటే పుస్తకం నిజంగా త్వరగా అవుతుందా, లేక తిరగరాసే పని రెట్టింపవుతుందా? మొహమాటం లేకుండా చెప్పండి.

శ్రావణమేఘం:
అవుతుంది. మూడ్ వచ్చాక రాద్దామనుకునేవాళ్ళు ఈ సంక్రాంతికి మొదలుపెట్టి వచ్చే సంక్రాంతికి కూడా మూడో అధ్యాయంలోనే ఉంటారు. ఇంగ్లిష్ నవలాకారుడు ట్రాలప్ పోస్టాఫీసు ఉద్యోగి. పొద్దున్న ఐదున్నరకల్లా బల్ల ముందు కూర్చుని, వాచీ ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 పదాలు రాసేవాడు. తనను లేపి కాఫీ ఇచ్చినందుకు నౌకరుకు ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవాడట. అలా రాసినవి 47 నవలలు. ఇంకేం కావాలి?

పాతకలం:
సగమే చెప్పారు శ్రావణమేఘం గారూ. ఆయన కూర్చోగానే మొదటి అరగంట కొత్తగా ఏమీ రాసేవాడు కాదు, నిన్న రాసింది చదువుకునేవాడు. వాచీ సంగతి ఆ తర్వాతే. మన కోటా వీరులు ఎగ్గొట్టేది సరిగ్గా ఆ అరగంటనే. ఈ మధ్య ఒకరి చిత్తుప్రతి చదివాను. హీరో విజయవాడ బస్టాండులో దిగాడు. టీ తాగాడు. ఆటో అతనితో బేరమాడాడు. చిల్లర లేదంటే స్కాన్ చేశాడు, అది తిరుగుతూ ఉంది, మళ్ళీ చేశాడు. రెండు పేజీలు! ఆ పూట కోటా నిండింది, కథ మాత్రం బస్టాండు దాటలేదు.

కొత్తపేట రాణి:
ఆ కాఫీ ఇచ్చిన మనిషి సంగతి మీకెవరికీ పట్టదేం? మా ఇంట్లో ఐదున్నరకు లేచేది నేనే, కుక్కర్ పెట్టడానికి. కాబట్టి 'తెల్లారే లేవండి' అనే సలహా నాకొద్దు. నేను ఒక యాప్‌లో సీరియల్ రాస్తున్నాను. భాగం ఆలస్యమైతే కింద 'తర్వాతిది ఎప్పుడండీ' అని కామెంట్లు మొదలవుతాయి. నన్ను రాయించేది ఆ టెన్షన్, పదాల లెక్క కాదు. వెనక వారపత్రికల్లో సీరియల్స్ రాసినవాళ్ళకు కూడా పత్రిక ప్రెస్సుకు వెళ్ళే రోజే కదా కోటా.
చిక్కు కూడా చెబుతాను. భాగం చివర పాఠకురాలిని ఆపాలి కాబట్టి ఎవరో తలుపు కొట్టాలి, లేదా అర్ధరాత్రి ఫోను మోగాలి. పుస్తకంగా వేద్దామని వరసగా చదివితే అన్నీ తలుపు చప్పుళ్ళే. అవి తీసేసి అతుకులు వేయడానికి పట్టే టైము కూడా లెక్కలో వేసుకోండి.

శ్రావణమేఘం:
రాణి గారూ, మీదీ కోటానే, పదాలకు బదులు భాగాలు. 21 రోజులు వరసగా రాస్తే అలవాటైపోతుంది, ఆ తర్వాత కష్టమే తెలియదు.

బెంచీచివర:
ఆ 21 అనే మాట ఎక్కడ చూసినా తిరుగుతోంది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా అంచనా వేశారు. అవైనా మంచినీళ్ళు తాగడం, పండు తినడం, కాసేపు పరిగెత్తడం లాంటివి. మధ్యలో ఒక రోజు తప్పితే కొంప మునగదని కూడా అందులోనే తేలింది. గోదారిగట్టు గారు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.
ఇంకోటి, 1,667 అన్నది ఇంగ్లిష్ లెక్క. మన భాషలో విభక్తులు మాటకే అంటుకుపోతాయి కాబట్టి అదే విషయానికి పదాలు తక్కువ పడతాయి. ఆ అంకెను యథాతథంగా తెచ్చుకుంటే వాళ్ళకన్నా ఎక్కువ పని నెత్తిన వేసుకున్నట్టే. పేజీలైనా, సీన్లైనా లెక్కపెట్టుకోండి.

నల్లసిరా:
విశ్వనాథ 'వేయిపడగలు' 29 రోజుల్లో తమ్ముడికి చెప్పి రాయించారని సాహిత్యం తెలిసినవాళ్ళందరూ చెప్పుకుంటారు. రష్యన్ రచయిత దొస్తోయెవ్‌స్కీ కూడా 1866 అక్టోబరులో 26 రోజుల్లో స్టెనోగ్రాఫరుకు చెప్పి ఒక చిన్న నవల రాయించాడు. గడువు దాటితే తొమ్మిదేళ్ళ పాటు ఆయన రచనలను పైసా ఇవ్వకుండా వేసుకునే హక్కు పబ్లిషరుకు దక్కేది. ఇద్దరూ నోటితో చెప్పినవాళ్ళే. మన ఫోన్లలో వాయిస్ టైపింగ్ పెట్టుకుని ఇంకా వేళ్ళు నొప్పి పుట్టించుకోవడం దేనికి?

కొత్తపేట రాణి:
వాడి చూశారా అండీ? నా పాత్ర 'ఎక్కడికెళ్తన్నావే' అంటే ఫోను దాన్ని 'ఎక్కడికి వెళుతున్నావు' అని దిద్దిపెడుతుంది. కోనసీమ అమ్మాయి కాస్తా న్యూస్ రీడర్ అయిపోతోంది. కొటేషన్లు, ఫుల్‌స్టాపులు మళ్ళీ మనమే పెట్టుకోవాలి. సీనులో ఏం జరగాలో చెప్పి పెట్టుకోవడానికైతే బాగుంటుంది, సంభాషణలకు మాత్రం వద్దు.

గోదారిగట్టు:
నిజానికి నా గంటలో ఎక్కువ భాగం రాయడానికి పోవడం లేదు. తర్వాత ఏం జరగాలో తేల్చుకోవడానికే పోతోంది.

పాతకలం:
రోగం అక్కడుంది! కోటా దానికి మందు కాదు. రాత్రి ఆపేటప్పుడు సీను పూర్తిచేసి ఆపకండి. మాటకు మాట నడుస్తున్న చోట ఆపి, తర్వాత ఎవరు ఏమంటారో రెండు లైన్లు కింద గీకి పెట్టండి. రేపు గిన్నెలు కడుగుతున్నప్పుడు బుర్ర ఆ లైన్ల చుట్టే తిరుగుతుంది. రాత్రి కూర్చునేసరికి వెతుక్కునే పని ఉండదు.

శ్రావణమేఘం:
మంచి సలహానే, ఒప్పుకుంటాను. కానీ అంకె లేకపోతే ఆ రెండు లైన్ల దగ్గరే నెల గడిచిపోతుంది.

గోదారిగట్టు:
సరే, పదాల లెక్క మానేస్తున్నాను. కూర్చోగానే పది నిమిషాలు నిన్నటిది చదువుతాను, వారానికి మూడు సీన్లు రాస్తాను.

పాతకలం:
మూడెందుకండీ, ఉద్యోగం చేస్తూ రెండు చాలు.

శ్రావణమేఘం:
నాలుగు.