త్రీ నాట్ త్రీ కేసు తల ఊడుతోంది: బోల్ట్ హెడ్ మార్చాలా, డై ఎత్తాలా?

హ్యూస్టన్303
రైఫిల్ లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 మార్క్ 1 స్టార్. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ కోసం చికోపీ ఫాల్స్‌లో సావేజ్ కంపెనీ చేసినది, ఎడమ పక్క "యు.ఎస్. ప్రాపర్టీ" ముద్ర ఉంది. బ్యారెల్‌లో రెండే గాడులు. బోల్ట్ హెడ్ (బోల్ట్ ముందు కొసకి విడిగా బిగించే ముక్క) మీద 1 అంకె ఉంది. తూటాలు ఇంట్లో మళ్లీ నింపుకుంటాను: కొత్త బాక్సర్ (మళ్లీ నింపడానికి అనువైన) కేసులు, అంటే ఇత్తడి తొడుగులు, 174 గ్రెయిన్ల గుండు, మాన్యువల్ చెప్పిన కనీస మందు మోతాదు. మూడో కాల్పుకి రిమ్‌కి (కేసు అడుగున బయటికి పొడుచుకొచ్చే అంచుకి) పైన సెంటీమీటరు లోపు మెరిసే వలయం కనిపించింది. నాలుగోసారి ఒక కేసు సగం ఛాంబర్‌లోనే (తూటా కూర్చునే గదిలోనే) ఉండిపోయింది. ప్రతిసారీ ఫుల్ లెంగ్త్ డైతో (కాల్చిన కేసుని పొడవంతా పాత కొలతకి నొక్కే అచ్చుతో) సైజ్ చేస్తున్నాను. బోల్ట్ హెడ్ నంబర్ 2 గానీ 3 గానీ కొనమని కొందరు అంటున్నారు, మెడ (కేసులో గుండుని పట్టే కొస) మాత్రమే సైజ్ చేయమని ఇంకొందరు. చెక్క కూడా నూనె పీల్చి నల్లబడింది, సాండ్‌పేపర్ పెట్టవచ్చా?

పాతబోల్ట్
ఇందులో ఆలోచించడానికి ఏముందండి, హెడ్‌స్పేస్ (ఛాంబర్‌లో రిమ్ ఆగే చోటుకి, బోల్ట్ ముఖానికి మధ్య దూరం) పెరిగింది. నంబర్ 4కి బోల్ట్ హెడ్‌లు 0, 1, 2, 3 అని వచ్చిందే అందుకు. అంకె పెరిగిన కొద్దీ పొడవు పెరుగుతుంది, సైన్యంలో తుపాకులు బాగుచేసే ఆర్మరర్లు చేసిందీ అదే. 2 బిగించండి, అది చాలకపోతే 3. డై సంగతి తర్వాత చూసుకోవచ్చు.

థౌలెక్క
కొలవకుండా కొనొద్దు. నంబర్ 3 హెడ్‌లు దొరకడం కష్టం, ధరా ఎక్కువే. అంకెల మీద కూడా గుడ్డి నమ్మకం పనికిరాదు. ఒక్కో అంకెకి కొంత వెసులుబాటు ఉంటుంది కాబట్టి పొడవుగా తయారైన 1 కంటే పొట్టి 2 పెద్ద తేడా చూపదు. మైక్రోమీటరు పెట్టి చూడాలి.

ముందు రిమ్ లెక్క చూడండి. .303 కేసు ఛాంబర్‌లో ఆగేది రిమ్ మీద. సామి (అమెరికా తుపాకీ, తూటా కంపెనీల ప్రమాణాల సంస్థ) కొలతలో గో గేజ్, అంటే బోల్ట్ మూసుకోవాల్సిన కనీస కొలత, 64 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). బ్రిటిష్ సైన్యం 74 థౌ దాకా ఒప్పుకునేది. అసలు రిమ్‌లు 64 కంటే పలచన, 58, 60 దగ్గర ఉండేవి మామూలే. ఛాంబర్ 70, రిమ్ 58 అయితే గేజ్‌కి రైఫిల్ బాగానే ఉంటుంది, కేసు వెనక మాత్రం 12 థౌ ఖాళీ మిగులుతుంది. కాల్చగానే కేసు ముందు భాగపు గోడలు ఛాంబర్‌ని పట్టుకుంటాయి, తల ఆ 12 థౌ వెనక్కి జరిగి బోల్ట్‌కి ఆనుతుంది. మధ్యలో ఇత్తడి సాగి పలచబడుతుంది. మీరు చూసిన వలయం అదే. కాబట్టి హెడ్ కొనే ముందు డై ఎత్తి, కేసు భుజాన్ని (మెడ కింది వాలుని) ముట్టకుండా మెడ వరకే సైజ్ చేయండి.

మీ ఖాళీ ఎంతో ఇలా తెలుసుకోండి. సైజ్ చేసిన ఖాళీ కేసులో మందు, గుండు ఏమీ లేకుండా ప్రైమర్ (మందుకి నిప్పు పెట్టే చిన్న గిన్నె) ఒక్కటే పూర్తిగా దిగేలా కూర్చోబెట్టండి. కంటికి, చెవికి రక్షణ పెట్టుకుని, సురక్షితమైన దిక్కుకి తుపాకీ చూపి కాల్చండి. ఫైరింగ్ పిన్ కేసుని రిమ్ దాకా ముందుకు తోస్తుంది, ప్రైమర్ వెనక్కి వచ్చి బోల్ట్ ముఖానికి తగులుతుంది. బయటికి వచ్చినంత మేరా ఖాళీయే. ఐదు కేసులతో చేసి సగటు తీయండి. దానికి రిమ్ మందం కలిపితే మీ హెడ్‌స్పేస్.

ఫుల్‌లెంగ్త్
మెడ సైజింగ్ గురువుగారు వచ్చేశారు. ఒక విషయం చెప్పరేం? ఎన్‌ఫీల్డ్ లగ్గులు (బోల్ట్‌ని మూసి పట్టే మొగ్గలు) బోల్ట్ వెనక వైపు ఉంటాయి. కాల్చినప్పుడు బోల్ట్ మొత్తం నొక్కుకుంటుంది, రిసీవర్ (బోల్ట్ కదిలే ఇనుప చట్రం) కాస్త సాగుతుంది. అందుకే కేసు ప్రతిసారీ ఛాంబర్ కంటే కొంచెం పొడుగ్గా బయటికి వస్తుంది. మెడ ఒక్కటే సైజ్ చేస్తే మూడు నాలుగు సార్లకి బోల్ట్ మూయడానికి అరచేత్తో కొట్టాలి. పాత యుద్ధ ఛాంబర్లు కొన్ని సూటిగా కూడా ఉండవు, కేసు అరటిపండులా వంగుతుంది. దాన్ని అలాగే మళ్లీ దూర్చితే గుండు గొట్టంలోకి వంకరగా ఎక్కుతుంది. రెండు రైఫిళ్లు ఉన్నవాళ్ల సంగతి సరే సరి, ఒకదాని కేసు ఇంకోదానిలో దూరదు. ఇంట్లో తలుపు పట్టడం లేదని గోడ కొట్టేసినట్టుంది మీ వైద్యం.

థౌలెక్క
వెనక లగ్గుల సంగతి నిజమే, కాదనను. అందుకే ఈ రైఫిల్‌కి మాన్యువల్ గరిష్ఠ మోతాదు అవసరం లేదు. సామి గరిష్ఠ ఒత్తిడి 49,000 పీఎస్ఐ, దాని దగ్గరికి వెళ్లే కొద్దీ సాగడం పెరుగుతుంది. (ఎవరైనా మందు తూకాలు అడిగితే ఇక్కడ రాయకండి. పౌడర్ కంపెనీ ప్రచురించిన పట్టిక చూసి, కనీసంతో మొదలుపెట్టాలి.)

మీరు చెబుతున్న ఫుల్ లెంగ్త్ డై మాత్రం పుస్తకంలో రాసినట్టు షెల్ హోల్డర్‌కి (కేసు అడుగుని పట్టే ముక్కకి) తగిలించి, ఇంకో పావు చుట్టు బిగించడం. అది రిమ్‌లెస్ (అంచు బయటికి పొడుచుకురాని) కేసుల అలవాటు. .303లో భుజం అలా వెనక్కి నెడితే కేసుని ఆపడానికి రిమ్ తప్ప ఇంకేమీ మిగలదు. ప్రతి కాల్పులోనూ అదే ఖాళీ, అదే సాగుడు. భుజాన్ని ముట్టకపోతే రెండో కాల్పు నుంచి కేసు భుజం మీదే ఆగుతుంది, వెనక ఖాళీ ఉండదు. ఉదాహరణకి, బోల్ట్ హెడ్ ఒక అంకె పెంచితే 9 థౌ ఖాళీ 6 అవుతుంది. డై ఎత్తితే దాదాపు సున్నా. ఏది మేలో మీరే చెప్పండి.

బోల్ట్ బిగుతు అయినప్పుడు డైని దించే పద్ధతి ఇది. డై మర అంగుళానికి 14 చుట్లు, కాబట్టి ఒక చుట్టు అంటే 71 థౌ, ఎనిమిదో వంతు అంటే 9 థౌ. కేసు భుజానికి కొవ్వొత్తి మసి పట్టించి, డైని రెండు చుట్లు పైన ఉంచి, కొద్దికొద్దిగా దించుతూ ప్రతిసారీ బోల్ట్‌లో పెట్టి చూడండి. బోల్ట్ కాస్త తగులుతూ మూసుకునే చోట ఆపి లాక్ రింగ్ బిగించండి.

వంకర ఛాంబర్‌కి: కేసు రిమ్ మీద మార్కర్‌తో గీత పెట్టి ఎప్పుడూ అదే వైపు పైకి ఉండేలా పెట్టడం ఉపాయం. కాస్త చాదస్తంగా ఉంటుంది, పనిచేస్తుంది.

పాతబోల్ట్
కొత్త కేసు మొదటి కాల్పు సంగతి? అప్పుడు భుజం ఇంకా వెనకే ఉంటుంది కదా.

థౌలెక్క
మంచి ప్రశ్న అన్నా. సాగడంలో ఎక్కువ భాగం అక్కడే. కేసు మీద రిమ్‌కి ముందు సన్నటి రబ్బరు ఓ రింగ్ తొడగండి. బోల్ట్ మూసినప్పుడు అది కేసు తలని బోల్ట్ ముఖానికి ఆనించి పట్టుకుంటుంది, కాల్పులో తల కదలకుండా భుజమే ముందుకెళ్తుంది. కేసుకి నూనె రాసి కాల్చే సలహా ఎక్కడో చదివి ఉంటారు, చేయొద్దు. గోడలు పట్టు వదిలితే భారమంతా బోల్ట్ మీద పడుతుంది. ఛాంబర్, కేసు రెండూ పొడిగా ఉండాలి.

ప్రతి రీలోడ్‌కీ ముందు పేపర్ క్లిప్ చివర గోరులా వంచి కేసు లోపల అడుగు నుంచి పైకి గీకండి. గాడి తగిలితే ఆ కేసు చెత్తబుట్టలోకి. బయటి మెరుపు కోసం ఎదురు చూస్తే ఆలస్యమే. పొడవు 2.222 అంగుళాలు దాటితే 2.212కి కత్తిరించాలి. విరిగిన కేసు తీసే ఎక్స్‌ట్రాక్టర్ ఒకటి కొనుక్కోండి, స్క్రూడ్రైవర్‌తో ఛాంబర్ గీకకండి.

అవిసెనూనె
చెక్క ప్రశ్నని ఎవరూ పట్టించుకోలేదు. సాండ్‌పేపర్ పెట్టొద్దు. ముద్రలు పోతాయి, పోయాక ఎవరూ తేలేరు. పైగా చెక్క ఇనుము కంటే కిందికి దిగిపోయి అసహ్యంగా ఉంటుంది. సుద్దపొడిని మినరల్ స్పిరిట్స్‌లో ముద్దగా కలిపి పట్టించి ఎండలో పెట్టండి. తెల్లటి సుద్ద గోధుమ రంగుకి తిరిగితే నూనె వస్తోందన్నమాట. రాలగొట్టి మళ్లీ పట్టించండి, నాలుగైదు విడతలు పట్టొచ్చు. నొక్కులకి తడిగుడ్డ, వేడి ఇస్త్రీపెట్టె చాలు. తర్వాత మరగించని అవిసె నూనె చేత్తో రుద్ది, మిగులు తుడిచి, పలచగా పూత మీద పూత. ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి పడేయకండి, వాటికవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచండి.

బట్ (భుజానికి ఆనించే వెనక చెక్క) విప్పేముందే ముందు వైపు చెక్క తీయాలి. బట్ బోల్ట్ చతురస్రపు కొస ముందు చెక్క వెనకనున్న పలకలో కూర్చునే రకాలు ఉన్నాయి. దాన్ని చూడకుండా తిప్పితే చెక్క చీలుతుంది. నూనె వల్ల రిసీవర్ వెనక ఆనుకునే చోట, డ్రాస్ అంటారు కదా, చెక్క మెత్తబడి ఉంటే బుల్లెట్లు చెదిరిపోవడానికి అదే కారణం. గట్టి చెక్క ముక్క అతికించి సరిచేయాలి. మూతి దగ్గర ముందు చెక్క బ్యారెల్‌ని 3 నుంచి 5 పౌండ్ల బలంతో పైకి నొక్కాలి. స్ప్రింగ్ త్రాసు తగిలించి చూడండి.

ఫుల్‌లెంగ్త్
మార్క్ 1 స్టార్ అన్నారు కాబట్టి ఇంకొకటి. బోల్ట్ హెడ్ బయటికి తీసే గాడి రిసీవర్ పట్టా మీదే కోసి ఉంటుంది. దాని అంచు పెచ్చు రాలితే బోల్ట్ లాగినప్పుడల్లా హెడ్ జారి పైకి లేస్తుంది. హెడ్‌స్పేస్ వాదనకంటే ముందు అది చూడండి. లగ్గులు రెండూ సమంగా ఆనుతున్నాయా అన్నదీ మార్కర్ పూసి తేల్చాలి.

హ్యూస్టన్303
కొలిచాను. రిమ్ సగటు 60 థౌ, ప్రైమర్ 9 థౌ బయటికి వచ్చింది. మొత్తం 69. గాడి అంచు బాగుంది, లగ్గులు రెండూ ఆనుతున్నాయి. మెత్తటి సీసపు గుండు బ్యారెల్‌లో దించి కొలిస్తే .313. రెండు గాడులు ఎదురెదురుగా ఉండడంతో మైక్రోమీటరు సులువుగా పట్టింది.

థౌలెక్క
69 అంటే హెడ్ మార్చే పని లేదు. .312 గుండు, అడుగు చదునుగా ఉన్నది వాడండి. పాత గొట్టంలో తోక సన్నబడ్డ గుండు కన్నా అది బాగా పట్టుకుంటుంది. మిగులు సైనిక తూటాలు కాల్చితే అదే రోజు వేడినీళ్లతో కడగండి. పాత ప్రైమర్‌లోని పొటాషియం క్లోరేట్ ఉప్పుగా మిగిలి గాలిలో తేమని లాగుతుంది, నూనెకి కరగదు.

పాతబోల్ట్
69 వద్ద ఒప్పుకుంటాను. 74 దాటితే మాత్రం డై మాట నా దగ్గర ఎత్తొద్దు, హెడ్ మార్చాల్సిందే. మార్చినా హెడ్ భుజం బోల్ట్ బాడీకి గట్టిగా ఆనాలి, బలమంతా మర మీద పడకూడదు. బిగించాక హెడ్ తన స్థానం దాటి మరీ ఎక్కువ తిరగకూడదు.

ఇషాపూర్
ఇషాపూర్ 2A1 రైఫిల్ వాళ్లకి ఈ లెక్కంతా పనికొస్తుందా?

థౌలెక్క
రాదండి. అది 7.62 నాటో, రిమ్‌లెస్, ఆగేది భుజం మీద. దానికి గేజ్‌లు వేరు, వాదన వేరు. కొత్త చర్చ తెరవండి. ఇండియాలో చదువుతున్నవాళ్లకి ఒక మాట: త్రీ నాట్ త్రీ అక్కడ పౌరులకి నిషిద్ధ బోరు, ఇక్కడి మాటలు అక్కడ ఆచరించేవి కావు.

ఫుల్‌లెంగ్త్
డై ఎత్తమన్నారు, ఎత్తుతాను. ఐదో కాల్పుకి బోల్ట్ బిగిస్తే మాత్రం మీ పేరు పెట్టే దించుతాను.

థౌలెక్క
బిగుసుకుంటే ఎనిమిదో వంతు కూడా ఎక్కువే, పదహారో వంతు దించండి.