ఆన్‌లైన్ ఎంఏటీ చేసి టెక్సాస్‌లో హైస్కూల్ లెక్కల టీచర్ అవ్వాలంటే ఏం కావాలి?

గోరువంక:
నమస్కారమండీ. ఇండియాలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేశాను, కొన్నాళ్ళు ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పాను. ఇప్పుడు డల్లాస్ దగ్గర ఉంటున్నాం. హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద ఈఏడీ, అంటే ఉద్యోగం చేసుకునే అనుమతి, ఉంది. ఇక్కడ హైస్కూల్లో లెక్కలు చెప్పాలని చాలా కోరిక. పిల్లలు చిన్నవాళ్ళు కాబట్టి ఆన్‌లైన్‌లో మాస్టర్ ఆఫ్ ఆర్ట్స్ ఇన్ టీచింగ్ (ఎంఏటీ) చూస్తున్నాను. వేరే రాష్ట్రంలోని యూనివర్సిటీ ఒకటి జీఆర్ఈ అక్కర్లేదంటోంది, ఫీజు కూడా తక్కువే. చేరడానికి ఏమేం కావాలి? మొత్తం ఇంటి నుంచే పూర్తి చేయొచ్చా? మన డిగ్రీ ఒప్పుకుంటారా? ఈ చివరి దాని గురించే టెన్షన్.

హ్యూస్టన్ నాన్న:
డిగ్రీ గురించి భయపడకండి. ఎవాల్యుయేషన్ చేయించాలి, అంటే మన డిగ్రీ ఇక్కడ దేనికి సమానమో ఒక సంస్థతో రిపోర్టు రాయించాలి, అంతే. కోర్సుల వారీగా ఇచ్చే రిపోర్టే తీసుకోండి, ఏ సబ్జెక్టులో ఎన్ని క్రెడిట్లో అందులోనే తెలుస్తుంది. టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ (ఇక్కడి రాష్ట్ర విద్యాశాఖ) ఏ సంస్థల రిపోర్టులు ఒప్పుకుంటుందో ముందు చూసుకోండి. మన యూనివర్సిటీల నుంచి ట్రాన్‌స్క్రిప్టులు రావడానికి టైం పడుతుంది, ఆ పని ఇప్పుడే మొదలుపెట్టండి.

కెమిస్ట్రీ టీచర్:
గోరువంక గారూ, నేను ఇక్కడ హైస్కూల్లో కెమిస్ట్రీ చెబుతున్నాను. ఫీజు సంగతి తర్వాత. ముందు ఆ యూనివర్సిటీకి ఒక్క ప్రశ్న రాయండి: "మీ ప్రోగ్రాం పూర్తి చేస్తే టెక్సాస్‌లో 7–12 గ్రేడ్ల మ్యాథ్స్ టీచర్ సర్టిఫికెట్ వస్తుందా?" జవాబు ఈమెయిల్లోనే తెప్పించుకోండి. డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ, సర్టిఫికెట్ ఇచ్చేది రాష్ట్రం. నాకు తెలిసిన ఒకావిడ వేరే రాష్ట్రం ప్రోగ్రాం పూర్తి చేశాక, అది ఇక్కడ నేరుగా సరిపోదని తెలిసి మళ్ళీ ఇంకోదాంట్లో చేరారు. ఆవిడ చెబితే లెక్కలంటే పారిపోయే పిల్లలు కూడా కూర్చుని వింటారు. అలాంటి టీచర్ క్లాసుకి దూరంగా ఉండాల్సి వచ్చిందంటే నాకు ఇప్పటికీ బాధే.

ఇక్కడ టీచర్ ప్రోగ్రాంలో చేరాలంటే బ్యాచిలర్ డిగ్రీ, కనీసం 2.5 జీపీఏ ఉండాలి. మ్యాథ్స్‌కైతే ఆ సబ్జెక్టులో 15 క్రెడిట్లు కావాలి, లేకపోతే సబ్జెక్టు పరీక్ష పాసవ్వాలి. చాలా ఎంఏటీలు 2.75, 3.0 కూడా అడుగుతాయి. ఎమ్మెస్సీ చేసిన మీకు క్రెడిట్ల బెంగ ఉండకపోవచ్చు. తర్వాత టెక్సెస్ అని టీచర్ సర్టిఫికెట్‌కి రాష్ట్రం పెట్టే పరీక్షలు: మ్యాథమెటిక్స్ 7–12, దాని నంబరు 235, ఇంకా బోధన మీద మరో పరీక్ష. పాత కేసులేమైనా ఉన్నాయేమో చూడటానికి వేలిముద్రలు అందరూ ఇవ్వాల్సిందే. ఇంగ్లిష్ మీడియంలో చదివినా టోఫెల్ అడగొచ్చు, కనుక్కోండి.

ఇంటి నుంచే అన్నారు. కోర్సుల వరకూ అయితే సరే. కానీ క్లినికల్ టీచింగ్ అని ఒక సెమిస్టరంతా ఉంటుంది. రోజూ బడికి వెళ్ళి ఒక టీచర్ దగ్గర పాఠాలు చెప్పాలి, మామూలుగా జీతం ఉండదు. పిల్లల్ని ఎవరు చూసుకుంటారో ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. అయితే ఒకటి చెప్తాను, మొత్తం చదువులో నాకు బాగా పనికొచ్చింది అదే. లంచ్ తర్వాతి పీరియడ్‌లో నిద్రమొహాలతో ఉన్న పదిహేనేళ్ళ పిల్లల్ని పాఠంలోకి ఎలా లాగాలో ఏ ఆన్‌లైన్ మాడ్యూలూ నేర్పలేదు. నా మెంటర్ టీచర్ పక్కన నిలబడి చూసి నేర్చుకున్నాను.

ఇంకో మాట. టెక్సాస్‌లో సర్టిఫికెట్‌కి మాస్టర్స్ తప్పనిసరి కాదు. న్యూయార్క్‌లో అయితే ప్రొఫెషనల్ సర్టిఫికెట్‌కి కావాలి. ఇక్కడ సర్టిఫికెట్ ప్రోగ్రాంలో చేరి, సబ్జెక్టు పరీక్ష పాసై, ఏదైనా బడిలో ఉద్యోగం దొరికితే, ఇంటర్న్ సర్టిఫికెట్ మీద జీతం తీసుకుంటూనే మిగతాది పూర్తి చేయొచ్చు. మీ స్థానంలో నేనుంటే ఆ దారే చూస్తాను.

గోరువంక:
చాలా థాంక్సండీ, మాస్టర్స్ లేకుండా కుదురుతుందని అస్సలు తెలియదు. టీచర్ చదువుకి ప్రభుత్వం ఇచ్చే టీచ్ గ్రాంట్ అని ఒకటి విన్నాను, నాకు వస్తుందా?

కెమిస్ట్రీ టీచర్:
హెచ్4 మీద రాదండీ. సిటిజన్లకీ గ్రీన్ కార్డు వాళ్ళకీ ఇస్తారు. అందులోనూ తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలుండే బడిలో నాలుగేళ్ళు చెప్పకపోతే అది అప్పుగా మారిపోతుంది. ఇంటర్న్ దారిలో వెళ్తే మాత్రం ఈఏడీ గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకుని, రెన్యూవల్ ముందే వేసేయండి. విద్యా సంవత్సరం మధ్యలో గడువు అయిపోతే క్లాసు వదిలి రావాల్సి వస్తుంది.