వైజాగ్ యారాడ కొండకి కేబుల్ డిస్క్ బ్రేకు చాలదా? (8 వేల బడ్జెట్)

పెదగంట్యాడ పెడల్: పాత ఎంటీబీ (మౌంటెన్ బైక్). వెనక 7 స్పీడు ఫ్రీవీల్ (హబ్‌కి మర బిగించే పళ్లచక్రాల సెట్టు), కేబుల్ డిస్క్ బ్రేకులు, ముందు స్ప్రింగు ఫోర్కు. ఫోర్కు కడ్డీలు తుప్పు పట్టాయి. వారమంతా డ్యూటీకి, ఆదివారం యారాడకి. 8 వేలతో ముందు ఏది మార్చమంటారు?

ఘాట్‌రోడ్డు: బ్రేకులే. షిమానో ఎంటీ200 హైడ్రాలిక్ (కేబుల్ బదులు ఆయిల్ ఒత్తిడితో పట్టేవి) వేయించు. యారాడ దిగేటప్పుడు కేబుల్ లివర్ పట్టి పట్టి వేళ్లు లాగేస్తాయి, హైడ్రాలిక్‌కి ఒక్క వేలు చాలు. బ్రేక్ ప్యాడ్ అరిగేకొద్దీ దాన్ని నొక్కే పిస్టన్ దానంతటదే ముందుకొస్తుంది.

ఉప్పుగాలి: బ్లీడింగ్‌కి (పైపులో గాలి తీసి ఆయిల్ నింపడానికి) మీరొస్తారా? కేబుల్ తెగితే గాజువాకలో ఏ సైకిల్ షాపులోనైనా వేస్తారు. పైగా ఆ ఆయిల్ నీళ్లు పీలుస్తుంది. మన తేమకి పాడైపోద్ది.

ఘాట్‌రోడ్డు: నీళ్లు పీల్చేది డాట్ ఫ్లూయిడ్ (వేరే రకం బ్రేక్ ఆయిల్) అండీ. షిమానోలో ఉండేది మినరల్ ఆయిల్.

ఉప్పుగాలి: ఏ ఆయిలైతేనేం, నాకు గాజువాకలో దొరకలేదు.

ఘాట్‌రోడ్డు: మాట మార్చకండి. పీలుస్తుందన్నారా, లేదా?

బెల్లు లేని బండి: కుర్రాడు అడిగిందేటి, మీరు కొట్టుకునేదేటి!

చైన్‌కవర్: వెనక చక్రం మాట ఎవరూ ఎత్తరేం? ఫ్రీవీల్ హబ్‌లో (చక్రం మధ్య భాగంలో) కుడి బేరింగు బాగా లోపలికి ఉంటుంది, దాని అవతల ఇరుసుకి ఆధారం ఉండదు. నాది మొదట వంగింది, తర్వాత విరిగింది. ఫ్రీహబ్ (తిరిగే భాగం హబ్‌లోనే ఉండే రకం) ఉన్న డిస్క్ చక్రం తీసుకో. షిఫ్టర్ (గేర్ మీట) మార్చే డబ్బు లేకపోతే 8 స్పీడు ఫ్రీహబ్ మీద 4.5 మి.మీ. స్పేసర్ రింగు పెట్టి 7 స్పీడు కాసెట్టే (దాని మీదకెక్కే పళ్లచక్రాల సెట్టు) వేయొచ్చు.

ఘాట్‌రోడ్డు: చక్రం తర్వాత. ముందు ఆగాలి కదా.

ఉప్పుగాలి: ఆగుతున్నాం సార్. రోజూ లారీల మధ్య ఆగుతూనే ఉన్నాం. కారు వెనక సైకిల్ కట్టుకుని ఆదివారం వచ్చేవాళ్లు మాకు బ్రేకులు నేర్పుతారా? కేబుల్ బ్రేకులని నన్ను మీ రైడ్ నుంచి వెనక్కి పంపింది మర్చిపోలేదు.

ఘాట్‌రోడ్డు: కేబుల్ అని కాదు. ఆ రోజు మీ ముందు ప్యాడ్లో రాపిడి పొర అయిపోయి ఇనుము రోటర్‌ని (డిస్క్ రేకుని) గీస్తోంది. ఆ పొర 0.5 మి.మీ.కి వస్తే మార్చేయాలి. కొండ మీద నుంచి మీరు పడితే మీ ఇంటికి ఫోన్ చేయాల్సింది నేను.

ఉప్పుగాలి: ఆ ముక్క ఆ రోజే చెప్తే కొత్త ప్యాడ్లు వేసుకుని వచ్చేవాడిని. మీ గ్రూపు రూల్లో 'హైడ్రాలిక్ ఉంటేనే' అని ఎందుకు రాశారు మరి?

పెదగంట్యాడ పెడల్: అన్నా, ఫోర్కు సంగతి?

ఉప్పుగాలి: ఆ ధరలో కొత్తదేసినా మళ్లీ క్రోమ్ పూసిన ఇనుప కడ్డీలే తమ్ముడూ, ఈ గాలికి అవీ తుప్పే. దిగిపోకుండా, ఊగకుండా ఉంటే వదిలేయ్. చైను కొలుచుకో: స్కేలు పెడితే కొత్త చైన్లో మొదటి పిన్ను నుంచి 25వ పిన్నుకి సరిగ్గా 12 అంగుళాలు. 1/16 అంగుళం పెరిగితే మార్చు, లేకపోతే కాసెట్టునీ తినేస్తుంది. బీచ్ రోడ్డు నుంచి వచ్చాక తుడిచి ఆయిలు పెట్టు. మిగిలిన డబ్బు చైన్‌కవర్ చెప్పిన చక్రానికి.

ఘాట్‌రోడ్డు: చైను మాట కరెక్టే. ప్యాడ్లు కూడా చూసుకో తమ్ముడూ.

ఉప్పుగాలి: రూలు తీస్తారా, లేదా?