సమస్యాపూరణం: “పెరుగు పెరుగ పెరుగు తరుగుచుండు”

నిర్వాహకుడు, నెల్లూరు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. అయిదూ సూర్యగణాలే. యతి కుదరలేదని అప్పుడే ఇద్దరు ఫోను చేశారు. “పెరు”, “తరు” చూడండి, రెండో అక్షరం “రు” కలిసింది, అంటే ప్రాసయతి ఉంది. విషయం మాత్రం నా ఇష్టం: ఏదైనా మొదట జోరుగా పెరిగి, తర్వాత నెమ్మదించి, ఒక హద్దు దగ్గర నిలిచిపోవడం. “పెరుగుట విరుగుట కొరకే” అని రాసి తప్పించుకోవద్దు. ఇక్కడ విరగడం లేదు, నిలవడమే.

ముత్తుకూరు రొయ్యల రైతు:

చెరువు లోన రొయ్య చిన్నదై యుండంగ
మేత వేయ వేయ మేను పెంచు
నిండి మేను మేను నీటిలో నొరయంగ
పెరుగు పెరుగ పెరుగు తరుగుచుండు

నిర్వాహకుడు: నడక బాగుంది. “మేత వేయ వేయ మేను” అంటుంటే మేత ఎంత మిగిలిందో చూసే చెక్ ట్రే పైకి లాగిన చప్పుడు వినిపించింది. రెండు అభ్యంతరాలు. “పెరుగు”ను పెరుగుదల అనే నామవాచకంగా వాడారు, అది కాస్త బలవంతం. రెండోది, గుంటలో రొయ్యపిల్లను ఒక్కసారే వదులుతాం. ఆపైన సంఖ్య తగ్గడమే కాని పెరగడం ఉండదు. పెరిగేది బరువు.

ముత్తుకూరు రైతు: ఒప్పుకున్నాను. కానీ మాకు లెక్క బరువుతోనే కదా. 100 కౌంటు, అంటే కిలోకు 100 తూగితే, రొయ్య 10 గ్రాములు, 50 కౌంటుకు 20 గ్రాములు. ఒరుసుకోవడం కూడా అబద్ధం కాదు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు బాగా పడిపోయినప్పుడు నీటికి గాలి అందించే ఏరియేటర్ల పక్కన నిలబడి చూడండి, చోటు చాలకపోవడం అంటే ఏమిటో తెలుస్తుంది.

ఒంగోలు సభ్యురాలు:

పెళ్లి యింట నేడు పెక్కురు చేరిరి
బంతి వెంట బంతి వచ్చి తినగ
కుండ యొకటె కాని గుంపేమొ పంక్తిలో
పెరుగు, పెరుగ, పెరుగు తరుగుచుండు

నిర్వాహకుడు: విరుపంటే ఇదీ! మొదటి “పెరుగు” క్రియ, చివరిది కుండలోది. వ్యాకరణం దగ్గర నాకు నోరు లేదు. కాకపోతే ఇందులో నిలకడ లేదు, కుండ ఖాళీ అయిపోతుంది. తోడు పెట్టే ఘట్టం రాసి ఉంటే విషయానికే వచ్చేవారు. గిన్నెడు పాలలో చెంచాడు తోడు వేస్తే సూక్ష్మజీవులు రెట్టింపవుతూ పోతాయి, చివరకు తాము చేసిన పులుపే తమకు అడ్డుపడుతుంది.

కందుకూరు విద్యార్థి:

డెక్క మొలిచె చెరువు పక్క నొక్కటి తొల్లి
ఆకు వెంట నాకు చెరువు నిండె
చోటు కొరకు నేడు చుట్టాలె పోరాడ
పెరుగు పెరుగ పెరుగు తరుగుచుండు

నిర్వాహకుడు: గుర్రపుడెక్క అనే నీటి కలుపులో గుర్రం పారిపోయి డెక్క మిగిలింది, పోనీండి. మూడో పాదం నాకు చాలా నచ్చింది. రెండో పాదంలో యతి పోయింది. “ఆ”కు “చె” కుదరదు. “ఆకు వెంట నాకు హద్దు దాటె” అంటే సరి.

కావలి లెక్కల టీచరు: యతి బతికింది, గణితం చచ్చింది! మీరు విషయంగా ఇచ్చిన ఈ రకం పెరుగుదలలో హద్దు దాటడమే ఉండదు.

కందుకూరు విద్యార్థి: “హద్దు చేరె” అంటే?

కావలి టీచరు: చేరువ వరకే కాని పూర్తిగా చేరదు. పద్యానికి చెల్లుతుంది. అసలు పేచీ సమస్యలోనే ఉంది. తరిగేది ఏ పెరుగుదల? 1838లో బెల్జియం గణితవేత్త వెర్హుల్స్ట్ చెప్పిన సూత్రంలో, రోజువారీ పెరుగుదల ఉన్నదాన్ని బట్టీ ఉంటుంది, ఇంకా మిగిలిన చోటును బట్టీ ఉంటుంది. 1000 గజాల చెరువులో ఖాళీ అంతా ఉన్నప్పుడు డెక్క రోజుకు నూటికి 20 చొప్పున పెరుగుతుందనుకోండి. 100 గజాలు పాకినప్పుడు రోజుకు 18 గజాలు, 500 అయినప్పుడు 50, 900 దగ్గర మళ్లీ 18. రోజుకు పెరిగే గజాల లెక్క చెరువు సగం నిండేదాకా ఎక్కి ఆపైన దిగుతుంది. కానీ నూటికి ఎంత అని చూడండి: 18, 10, 2. ఇది మొదటి రోజు నుంచీ తరుగుతూనే ఉంది. అంటే సమస్య నూటికి లెక్కలో ఎప్పుడూ నిజం, గజాల లెక్కలో సగం తర్వాతే. నా పూరణ:

సగము నిండుదాక జవము పెరిగెనయ్య
సగము దాటినపుడె జంకు తోచె
హద్దు దగ్గరైన నడుగు ముందుకు రాదు
పెరుగు పెరుగ పెరుగు తరుగుచుండు

నిర్వాహకుడు: “జంకు” బంగారం. “అయ్య” మాత్రం పాదం నింపడానికి వచ్చిన చుట్టం.

ముత్తుకూరు రైతు: నా రొయ్యకూ మలుపు సగం దగ్గరేనా?

కావలి టీచరు: అక్కర్లేదు. ఒంటి జీవి బరువుకు చాలాసార్లు ఆంగ్ల గణితవేత్త గాంపెర్ట్జ్ పేరిట ఉన్న 1825 నాటి రేఖ బాగా అతుకుతుంది. అందులో మలుపు హద్దులో నూటికి 37 దగ్గరే వస్తుంది.

ముత్తుకూరు రైతు: మరి ఆ హద్దు ఎంతో ముందే తెలిసేదెలా?

కావలి టీచరు: చిక్కంతా అక్కడే ఉంది. మలుపుకు చాలా ముందు కొలతలు చూస్తే 1000 గజాల చెరువూ 5000 గజాల చెరువూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. 1920లో అమెరికా శాస్త్రవేత్తలు పెర్ల్, రీడ్ వెర్హుల్స్ట్ సూత్రపు రేఖతోనే అమెరికా జనాభా సుమారు 19.7 కోట్ల దగ్గర ఆగుతుందని లెక్క కట్టారు. 1970 జనగణనకే అది 20 కోట్లు దాటింది.

ముత్తుకూరు రైతు: అయితే రేపు పొద్దున్నే విసురు వల వేసి తూకం చూస్తాను. “మేను మేను” సంగతి ఆ తర్వాత దిద్దుతాను.