షాక్స్ మార్చినాక వెలిగే సస్పెన్షన్ లైటు: ఆర్పించాలా, అట్లనే వదిలేయాలా?

తాడిపత్రోడు:
అన్నలూ ఒక సలహా కావాల. నాది సెకండ్ హ్యాండ్ జర్మన్ సెడాన్, ముందర షాక్స్ (కుదుపులు ఆపే షాక్ అబ్జార్బర్లు) రెండూ ఆయిల్ కారిపోయినాయి, బేతంచెర్ల పక్క నాపరాయి లారీలు తిరిగే రోడ్లు ఎట్లుంటాయో మీకు తెలిసిందే. గట్టితనం మార్చే కరెంటు వాల్వు లోపల ఉండే ఒరిజినల్ షాక్స్ రేటు వింటే కండ్లు తిరిగినాయి, అందుకే కర్నూల్లో మామూలువి వేయించినా, వెనకవి పాతవే. బండి బాగానే పోతాంది గానీ మీటర్లో పసుపు లైటు పోదు, స్టార్ట్ చేసినప్పుడల్లా టింగుమంటాది. మెకానిక్కేమో షాక్‌కు పోయే వైరు సాకెట్లో రెసిస్టర్ (కరెంటును అడ్డుకునే చిన్న ముక్క) పెడితే ఆరిపోతాది, 500 ఇయ్యి అంటాడు. పెట్టించాలా వద్దా?

కడప కారోడు:
పెట్టిచ్చు ప్పా, దీనికి పంచాయితీ ఎందుకు. మామూలు షాక్ వేసినాక ఆ కంప్యూటర్‌కు అక్కడ పనే లేదు కదా. మా చిన్నాయన బండికి పెట్టి రెండేండ్లాయ, గువ్వలచెరువు ఘాట్ వారానికి రెండుసార్లు ఎక్కి దిగుతాడు, ఏమీ కాలే.

మల్టీమీటర్ మామ, అనంతపురం:
ఏమీ కాలేదంటే మీ చిన్నాయన అదృష్టం. ఆ కంప్యూటర్, అంటే కంట్రోల్ యూనిట్, ప్రతి షాక్‌లో ఉండే వాల్వు కాయిల్‌ను చూసుకుంటాంటాది, సాకెట్ పీకితే సర్క్యూట్ తెగిందని ఫాల్ట్ కోడ్ రాసుకోని లైటేస్తాది. రెసిస్టర్ పెట్టేది కాయిల్ ఇంకా ఉందని దాన్ని నమ్మించేకి. ఆ కాయిల్ అంటే కొన్ని ఓమ్‌లే. 3 ఓమ్‌ల రెసిస్టర్‌లో 1 ఆంపియర్ పోతే 3 వాట్లు, 2 పోతే 12 వాట్ల వేడి. రేడియో షాపులో దొరికే పావు వాట్‌ది పెట్టి టేపు చుట్టినారంటే అంతే సంగతులు, నేనొక బండిలో చూసినా, మడ్‌గార్డ్ లోపల టేపు, వైరు కరిగి నల్లగా బొగ్గుముద్ద.

అసలు సంగతి ఇంకోటి. లైటు వెలిగిందంటే చాలా బండ్లలో సిస్టం పక్కకు తప్పుకోని వెనక షాక్స్‌ను ఒకే గట్టితనంలో నిలబెడతాది. రెసిస్టర్‌తో మోసం చేస్తే నాలుగూ ఉన్నాయనుకోని వెనకవాటిని మెత్తగా గట్టిగా మారుస్తానే ఉంటాది, ముందరివి మారవు. 44 హైవేలో 100 మీద లేన్ మారు, ముందు ఒక మాట వెనక ఒక మాట చెప్తాది బండి.

కడప కారోడు:
లెక్క బాగుంది మామా, నాలుగు ఒరిజినల్ కొనేకి దుడ్లెవరిస్తారు? వెనకవి కూడా మామూలువి వేసి, గట్టితనం మార్చే ఫీచరే బండిలో లేదని స్కానర్‌తో కంప్యూటర్‌కు కోడింగ్ చేయిస్తే?

మల్టీమీటర్ మామ:
దానికి నేను అడ్డం రాను. నాలుగూ ఒకే రకమైతే కోడింగే దారి. రేపు బండి అమ్మేటప్పుడు కొనేటోనికి చెప్పాల, అంతే. అదిసరే, తాడిపత్రోడా, స్కాన్ చేయించినావా? లైటు షాక్స్ వల్లే అని ఎవరు చెప్పినారు?

కర్నూలు క్లచ్:
రాత్రి హెడ్‌లైట్లు పైకి కొడతాండాయా? హైట్ సెన్సర్ చూడు, బండి ఎత్తు చూసి హెడ్‌లైట్లను పైకీ కిందికీ సర్దేది దాన్ని బట్టే.

తాడిపత్రోడు:
అవునన్నా, ఎదురొచ్చే లారీలోళ్లు ఊరికే డిప్పర్ కొడతాంటే వాళ్లకు పొగరనుకున్నా. ఈరోజు స్కాన్ చేయిస్తే మూడు కోడ్లు. రెండు ముందర షాక్స్‌వి, మామ చెప్పినట్లే. మూడోది ముందర ఎడమ హైట్ సెన్సర్. చక్రం పీకి చూస్తే సెన్సర్ నుంచి కింది ఆర్మ్‌కు పోయే సన్న కడ్డీ బిగియకుండా వేలాడతాంది. 500 పోసి రెసిస్టర్ పెట్టించినా లైటు ఆరేది కాదన్నమాట! కడ్డీ బిగిస్తే హెడ్‌లైట్లు దిగినాయి. వెనక షాక్స్, కోడింగ్ వచ్చే నెల జీతానికి చూస్తా, అంతవరకు టింగు వింటాంటా.

కడప కారోడు:
మామా, పావు వాట్ రెసిస్టర్ చూసేకి ఎట్లుంటాది?

మల్టీమీటర్ మామ:
బియ్యపు గింజంత, పైన రంగు గీతలు. చిన్నాయన బండి ఈరోజే విప్పు.